నలభై ఏళ్లకు కొలువు.. 55కి నోబెల్

ద్వారకా నగర్‌లో డీఎస్సీ కోచింగ్‌కి వెళ్లేవాళ్లని ఎవరినైనా పావ్‌లోవ్ ఎవరని అడగండి. కుక్క, గంట, లాలాజలం.. టకటకా చెప్పేస్తారు. శాస్త్రీయ నిబంధనం అన్న హెడ్డింగ్ కింద ఒకటో రెండో బిట్లు బట్టీ పట్టి పేజీ తిప్పేస్తాం. ఆ మనిషి కూడా మీలాగే డిగ్రీలు చేతిలో పెట్టుకుని ఏళ్ల తరబడి పోస్టు కోసం ఎదురుచూశాడని మెటీరియల్‌లో ఎక్కడా కనిపించదు.

ఇవాన్ పావ్‌లోవ్ 1849లో రష్యాలోని రియజాన్‌లో పుట్టాడు. తండ్రి చర్చి మతగురువు. పిల్లల్లో ఇతనే పెద్ద. చిన్నప్పుడు ఎత్తు మీద నుంచి పడి గట్టి దెబ్బలు తగలడంతో బడి గడప తొక్కేసరికి 11 ఏళ్లొచ్చాయి. తండ్రి బాటలోనే నడవాలని మతవిద్యలో చేర్పించారు. అక్కడ సెచెనోవ్ అనే శాస్త్రవేత్త మెదడు గురించి రాసిన పుస్తకం చదివాడు. 1870లో కోర్సు పూర్తి చేయకుండానే వదిలేసి, సైన్సు చదవడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లిపోయాడు. ఇంట్లో ఏమని ఉంటారో మీరు ఊహించుకోవచ్చు.

1875లో యూనివర్సిటీ డిగ్రీ. 1879లో వైద్య పట్టా. 1883లో డాక్టరేట్. ఆపైన జర్మనీలో పేరున్న ల్యాబుల్లో రెండేళ్లు. ఇంత చదివీ చేతిలో సరైన ఉద్యోగం లేదు. 1881లో సెరఫీమాను పెళ్లి చేసుకుంటే, డబ్బుల్లేక కొంతకాలం ఇద్దరూ వేరువేరు చోట్ల ఉండాల్సి వచ్చింది. తొలి బిడ్డ పసితనంలోనే పోయాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ పోస్టుకి ప్రయత్నిస్తే వేరొకరికి ఇచ్చారు. సైబీరియాలోని తోమ్‌స్క్‌కైనా పోదామనుకుంటే అక్కడా అంతే. చివరికి 1890లో సైనిక వైద్య అకాడమీలో ప్రొఫెసర్ అయ్యాడు. అదీ తన సబ్జెక్టు కాదు, ఫార్మకాలజీ. తను ప్రాణం పెట్టిన ఫిజియాలజీ పోస్టు దొరకడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. దొరికిన ఉద్యోగంలో చేరి, పరిశోధన మాత్రం ఆపలేదు. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు కష్టమైన పరీక్ష ఇదే.

అప్పట్లో జీర్ణక్రియ గురించి తెలుసుకోవాలంటే కుక్కని కోసి, అది చచ్చేలోపు చూసిందే లెక్క. పావ్‌లోవ్ మనుషుల ఆస్పత్రిలో ఉన్నట్టు శుభ్రమైన ఆపరేషన్ గది ఏర్పాటు చేశాడు. ఆపరేషన్ తర్వాత కుక్క కోలుకుని, నెలలు, ఏళ్లు బతికేది. వాటికి పేర్లుండేవి. ద్రుఝోక్ అని ఒకటి, అంటే చిన్న నేస్తం అని. అలాగని ఆయన్ని జంతుప్రేమికుడిగా నిలబెట్టలేం. ఆ కుక్కల కడుపులోంచి తీసిన జఠరరసాన్ని అజీర్ణానికి మందుగా అమ్మి ల్యాబ్ ఖర్చులకు వాడుకున్నారు. ఎన్నో కుక్కలు బాధపడ్డాయి, చచ్చిపోయాయి. ఇవాళ మన దేశంలో ఇలాంటి ప్రయోగం చేయాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి.

1904లో నోబెల్ వచ్చింది. బిట్టు పట్టుకోండి: అది జీర్ణక్రియ పరిశోధనకి వచ్చింది, నిబంధనానికి కాదు. ఇంకో మాట, పావ్‌లోవ్ ఎక్కువగా వాడింది మెట్రోనోమ్, బజర్, దీపం వంటివి. గంట కథ తర్వాత పెద్దదయింది.

కుక్కల్ని పెంచేవాళ్లు చదవాల్సిన భాగం మాత్రం సిలబస్ చివర్లో ఉంటుంది. 1914లో ఆయన ల్యాబ్‌లో ఒక కుక్కకి వృత్తం చూపిస్తే తిండి, దీర్ఘవృత్తం చూపిస్తే ఏమీ లేదని నేర్పారు. మీ పుస్తకంలో దీన్నే విచక్షణ అంటారు. దీర్ఘవృత్తాన్ని మెల్లమెల్లగా వృత్తానికి దగ్గర చేస్తూ పోయారు. అక్షాల నిష్పత్తి 9:8కి వచ్చేసరికి తేడా తెలియలేదు. అన్నాళ్లూ నెమ్మదిగా ఉన్న కుక్క అరవడం, పరికరాల్ని కొరకడం మొదలెట్టింది. అంతకుముందు వచ్చిన తేలిక పాఠం కూడా పోయింది. 1924 సెప్టెంబర్‌లో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తింది. గూళ్లలో మెడ దాకా నీళ్లలో చిక్కుకున్న కుక్కల్ని ఎలాగో బయటికి తెచ్చారు. వాటిలో కొన్ని అప్పటిదాకా నేర్చుకున్నదంతా మర్చిపోయాయి. కోలుకున్నాక కూడా ఒకదానికి తలుపు కింద నుంచి సన్నగా నీళ్లు రాగానే మళ్లీ అదే పరిస్థితి.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ రెండు ప్రయోగాలూ మీకే. ఒకరోజు సోఫా ఎక్కితే ముద్దు చేసి, మర్నాడు అదే పనికి కర్ర తీస్తే దానికి వృత్తమేదో దీర్ఘవృత్తమేదో తెలీదు. భయంలో ఉన్న కుక్క బుర్రకి పాఠం ఎక్కదు. దీపావళి బాంబులకి మంచం కింద దూరే కుక్కని తిట్టొద్దు. పండక్కి కొన్ని వారాల ముందే ఫోన్‌లో బాగా తక్కువ సౌండ్‌తో పటాసుల చప్పుడు వినిపించి, వెంటనే దానికిష్టమైన ముక్క పెట్టండి. చప్పుడు ముందు, తిండి తర్వాత. వరస తిరగబడితే పని చేయదు. అది బెదరకుండా ఉంటేనే రోజురోజుకీ కాస్త పెంచండి. ఈ దారి మనుషుల్లో చూపించింది మేరీ కవర్ జోన్స్. కుందేలంటే భయపడే ఓ చిన్న పిల్లాడి భయాన్ని తిండితో పోగొట్టిన ఆమె ప్రయోగం కూడా 1924లోనే అచ్చయింది. వెటర్నరీ డాక్టర్ దగ్గర సూదికి, గోళ్లు కత్తిరించడానికి, స్నానానికి ఇదే పద్ధతి. పశువైద్యం వైపు వెళ్లాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే చెప్పండి, మన పక్కనే విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది.

ఆ వరద వచ్చిన ఏడాదే పావ్‌లోవ్ సైనిక వైద్య అకాడమీలో ఉద్యోగం వదిలేశాడు. మతగురువుల పిల్లల్ని అకాడమీ నుంచి తీసేస్తుంటే, తనూ మతగురువు కొడుకునే కాబట్టి తప్పుకున్నాడు. అంత కష్టపడి సంపాదించుకున్న కుర్చీ అది. పరిశోధన మాత్రం వేరే సంస్థల్లో చివరిదాకా సాగించాడు. 1935లో లెనిన్‌గ్రాడ్‌లోని ప్రయోగాత్మక వైద్య సంస్థ తోటలో కుక్కకి ఒక స్మారకం కట్టించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 27న, 86 ఏళ్ల వయసులో న్యుమోనియాతో ఆయన చనిపోయాడు. ఆ కుక్క విగ్రహం ఇప్పటికీ అక్కడే ఉంది.