గట్టు తెగితే ఎవరిది పూచీ? – లాల్ బహదూర్ శాస్త్రిగారి జీవితం

మాది వ్యవసాయ కుటుంబం. మా ఊరు జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ నడుమ ఉంటుంది. వానాకాలం రాత్రుల్లో రైలు కూత వినబడితే మా తాత ఇప్పటికీ ఒక్క క్షణం మాట ఆపేస్తాడు. 1956 సెప్టెంబరు వానలకు ఆ దారిలో వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి తాత చిన్న పిల్లవాడు. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా చివరికి ఒక పేరు దగ్గర ఆగుతాడు. ఆ పేరు లాల్ బహదూర్ శాస్త్రి. నేను చదివేది బి.ఎస్సీ.; చరిత్ర నా సబ్జెక్టు కాదు. అయినా ఆ పేరు నన్ను లైబ్రరీ దాకా నడిపించింది.

శాస్త్రిగారు 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయ్‌లో పుట్టారు. ఊహ తెలియకముందే తండ్రి పోయారు. తల్లి రామ్‌దులారీ దేవి పుట్టింటి అండతో పిల్లల్ని పెంచింది. శాస్త్రి అన్నది ఆయన ఇంటిపేరు కాదు, కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టం. స్వాతంత్ర్య పోరాటంలో ఏళ్లకేళ్లు జైళ్లలో గడిపారు. 1952లో కేంద్రంలో రైల్వే మంత్రి అయ్యారు.

మహబూబ్‌నగర్ ప్రమాదం జరగగానే ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూగారు ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో రైలు పడి 140 మందికి పైగా చనిపోయారు. ఈసారి పట్టుబట్టి కుర్చీ దిగారు. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అయినా పూచీ తనదే అనుకున్నారు.

మిత్రులారా, ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతిది.

1961 నుండి 1963 వరకు ఆయన హోంమంత్రి. 1964 జూన్‌లో ప్రధాని అయ్యారు. ఆ రోజుల్లో పాకిస్తాన్ సరిహద్దును చాలావరకు ఆయా రాష్ట్రాల సాయుధ పోలీసులే కాసేవారు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. 1965 ఏప్రిల్ 9న కచ్ రణ్‌లోని సర్దార్ పోస్టు మీద పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడింది. అక్కడున్నది పోలీసు బలగాలు. వాళ్లు ధైర్యంగానే నిలిచారు. కానీ ఒక దేశపు సైన్యానికి పోలీసులు ఎదురు నిలవాల్సి రావడం ఎవరి లోపం?

మా ఊళ్లో చెరువు గట్టు తెగితే ముందు నీరటికాణ్ణి తిడతారు. అన్ని తూములూ ఒక్కడికే ఒప్పగించిన పెద్దల్ని ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే సరిహద్దులో ఆ పాత ఏర్పాటు శాస్త్రిగారు హోంమంత్రిగా ఉన్నప్పుడూ ఉన్నదే. ఈసారి ఆయన కుర్చీ దిగలేదు. గట్టు బాగు చేయించారు. ఆగస్టులో కాశ్మీరులోకి చొరబాట్లు మొదలయ్యాయి. సెప్టెంబరు 6న మన సైన్యం లాహోరు వైపు సరిహద్దు దాటింది. ఆ నిర్ణయం భారం ఆయనదే. సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి. డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళం ఏర్పడింది. దాని మొదటి అధిపతి రుస్తంజీ. అప్పటినుండి ఆ కాపలాకు కేంద్రమే నేరుగా జవాబుదారీ.

సరిహద్దు అంటే తుపాకులే కాదు, మనుషులు కూడా. 1948 చట్టం వల్ల సింహళంలోని తేయాకు తోటల్లో పనిచేసే భారత సంతతివాళ్లు లక్షలమంది ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. 1964 అక్టోబరు 30న శాస్త్రిగారు, సిరిమావో బండారునాయకే ఒప్పందం చేసుకున్నారు. మొత్తం 9,75,000 మందిలో 5,25,000 మందిని మనం, 3,00,000 మందిని వాళ్లు తీసుకోవాలి. మిగతా 1,50,000 మంది సంగతి తర్వాత చూడాలి. ఏళ్ల తరబడి తేలని సమస్యను ముట్టుకోవడం సాహసమే. కానీ పోతారా, ఉంటారా అని ఆ కూలీలను ముందుగా ఎవరూ అడగలేదు. విత్తనాల లెక్కలాగా మనుషుల్ని పంచారు. అక్కడే మిగిలిపోయినవాళ్లలో చాలామందికి 2003లో గాని పౌరసత్వం దక్కలేదు. ఒప్పందం జరిగిన 1964లోనే బర్మా నుండి కూడా తెలుగువాళ్లెందరో ఉన్నదంతా వదిలి తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది.

ఈ ఒప్పందం గురించి తాతతో వాదం పెట్టుకున్నాను. అంత మంచివాడు ఇట్లా ఎట్లా చేశాడని అడిగాను. తాత కోప్పడలేదు. తప్పు పట్టడం నీ హక్కు, పట్టమన్నాడు. కాని తన తప్పును కిందివాడి నెత్తిన వెయ్యని మనిషి అని కూడా రాయమన్నాడు. తిండిగింజల కరువులో సోమవారం రాత్రి ఒక పూట మానమని ఆయన అడిగితే మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదట. ముందు తన ఇంట్లో మాని, తర్వాత జనాన్ని అడిగాడని విన్నారట. జవానునూ రైతునూ ఒకే నినాదంలో నిలబెట్టిన మనిషి మాట మా ఇంట్లో అట్లా చెల్లింది.

1966 జనవరి 10న తాష్కెంటులో ఒప్పందం మీద సంతకం పెట్టారు. మనవాళ్లు ప్రాణాలిచ్చి గెలిచిన హాజీపీర్ కనుమ దాని ప్రకారం తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. దేశానికి వచ్చి ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం ఆయనకు దక్కలేదు. ఆ రాత్రే కన్నుమూశారు. వచ్చి ఉంటే తప్పించుకునేవారు కాదనే నా నమ్మకం.

రేపు మనలో కొందరు ఇంజనీర్లం, ఆఫీసర్లం, నాయకులం అవుతాం. ఎక్కడో ఒక గట్టు మన చేతికి వస్తుంది. అది తెగిన రోజున మన వేలు ఎటు చూపిస్తుందో ఇప్పుడే ఆలోచించుకుంటే మంచిది.