జెండా వదలని కార్నీ

పిల్లలూ! నవంబరు 3న మన బడిలో జెండా ఎగురవేస్తాం గదా. ఒక జెండాను కాపాడిన సిపాయి కథ వినండి.

అతని పేరు విలియం కార్నీ. 1840లో అమెరికాలో పుట్టాడు. పుట్టుకతోనే బానిస. మన ముత్తాతలు ఒప్పందం మీద కూలికి ఓడ ఎక్కారు. బానిసకు ఒప్పందమూ లేదు, కూలీ లేదు. మనిషిని పశువువలె అమ్మేవారు. చదువుకోనిచ్చేవారు కారు. కార్నీ చాటుగా చదువుకున్నాడు.

1861లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. అంటే ఒకే దేశంవారు రెండు పక్షాలై పోరాడారు. బానిసత్వం ఉండాలని దక్షిణంవారి పట్టు. కార్నీ ఉత్తరంవారి సైన్యంలో చేరాడు. అతని దళంలో సిపాయిలందరూ నల్లవారే. వారికి తెల్ల సిపాయిలకంటే తక్కువ జీతం ఇవ్వబోయారు. వారు దానిని ముట్టలేదు. పోరాటం మాత్రం మానలేదు.

1863 జూలై 18న వాగ్నర్ కోట మీద దాడి చేశారు. గుండ్లు వానలా కురిశాయి. జెండా పట్టినవాడు కూలిపోయాడు. కార్నీ తుపాకి పారవేసి జెండా అందుకొన్నాడు. కోటగోడ దాకా పోయాడు. ఒంటినిండా గాయాలు. అయినా పాకుతూ వెనుకకు వచ్చి, జెండాను తోటివారి చేతికిచ్చాడు. కోట మాత్రం ఆనాడు దక్కలేదు.

1865లో యుద్ధం ముగిసింది. బానిసత్వం రద్దయింది. కార్నీ న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు. ఆ దేశపు అత్యున్నత సాహస పతకం అతనికి 1900లో ఇచ్చారు. ఎన్నేళ్ళు పట్టిందో మీరే లెక్క కట్టండి! 1908లో కార్నీ మరణించాడు.