గురి తప్పని కరుణ – జిమ్ కార్బెట్ జీవితం

వేటగాడనగానే చచ్చిన పులిపై కాలు మోపి మీసం దువ్వే మనిషి బొమ్మ మనస్సులో మెదులుతుంది. ఆ బొమ్మకు ఏమాత్రం సరిపడని ఒక వేటగాని జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయదలచాము. ఆయన జిమ్ కార్బెట్. ఏ తూటా వేయాలి, ఎప్పుడు వేయకూడదు అనే రెండు ప్రశ్నలు జీవితమంతా ఆయన వెంట నడిచాయి.

కార్బెట్ 1875 జూలై 25న నైనీతాల్‌లో జన్మించారు. తండ్రి అక్కడ పోస్టుమాస్టరు. బాలునికి ఆరేండ్లు నిండకముందే ఆయన మరణించారు. శీతకాలంలో కుటుంబం కొండల దిగువనున్న కాలాధుంగీకి దిగివచ్చేది. ఆ అడవియే బాలునికి బడి అయింది. మొదట వడిసెల, ఆపైన విల్లంబులు, తరువాత ఒక బంధువు ఇచ్చిన పాత జంట గొట్టాల తుపాకీ – ఇవే ఆయన తొలి ఆయుధాలు. ఆ తుపాకీ గొట్టాలలో ఒకటి పగిలినది. గొట్టాలను, కర్రను ఇత్తడి తీగతో చుట్టి కట్టారు. మందు, గుండ్లు పిల్లవానికి సులభంగా దొరకవు. కనుక మృగానికి బాగా చేరువయ్యే దాకా పేల్చరాదన్న ఓర్పు ఆయనకు అలవడింది. లేమి నేర్పిన ఆ చదువును ఆయన చివరి వరకు మరువలేదు.

పదేండ్ల వయస్సున నైనీతాల్ వాలంటీరు దళంలో బాలసైనికుడైనప్పుడు ఆయన చేతికి .450 మార్టినీ రైఫిలు వచ్చింది. దాని తూటాలోని సీసపు గుండు 31 గ్రాముల బరువు తూగేది. పేలినప్పుడు నల్లమందు పొగ కమ్ముకునేది, భుజానికి గట్టి దెబ్బ తగిలేది. అయినా గురి చక్కగా నిలిచేది.

యౌవనంలో రైల్వే కొలువులో చేరి, మొకామా ఘాట్ వద్ద సరుకుల మార్పిడి పనిని రెండు దశాబ్దాలు నిర్వహించారు. ఆ రోజులలోనే, 1907లో, చంపావత్ ఆడపులిని చంపవలసిన బాధ్యత ఆయనపై పడింది. నేపాలులోను, కుమావూలోను కలిపి అది 436 మందిని పొట్టన పెట్టుకొన్నది. భయంతో తలుపులు బిగించుకొన్న పల్లెవాసులు మాంసం కావాలని కోరారు. కార్బెట్ పాత మార్టినీ రైఫిలుతో సుమారు 200 గజాల దూరంలోని మూడు గోరల్ కొండమేకలను పడగొట్టారు. దానితో వారికి ఆయనపై నమ్మకం కుదిరింది.

పులి ఎదుట పడిన నాడు ఆయన వద్ద భారీ .500 రైఫిలు ఉన్నది గాని, తూటాలు మూడే ఉన్నాయి. మూడూ అయిపోయినా పులి ఇంకా నిలిచే ఉన్నది. పరుగున వెళ్ళి తహసీల్దారు చేతి తుపాకీ తెచ్చి ఆ పని ముగించవలసి వచ్చింది.

చచ్చిన పులి నోరు తెరచి చూడగా కుడివైపు కోరపళ్ళు రెండూ విరిగి ఉన్నాయి. అది ఏనాటిదో తుపాకీ దెబ్బ. ఎవరో పేల్చిన తూటా ప్రాణం తీయక పళ్ళు మాత్రం విరిచింది. సహజమైన ఆహారాన్ని వేటాడలేని పులి మనుషులపై పడింది. గురి కుదరని ఒక్క తూటా వందల ఇండ్లలో దీపాలార్పిందన్న ఈ సత్యమే కార్బెట్ జీవితానికి కీలకమని మేము భావిస్తున్నాము.

ఆ సాహసానికి మెచ్చి సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ ఆయనకు .275 రిగ్బీ రైఫిలును బహూకరించారు. దాని తూటాలో గుండు సాధారణంగా తొమ్మిది గ్రాములు. అనగా మార్టినీ గుండులో మూడవ వంతైనా లేదు. కాని వేగం దాదాపు రెట్టింపు. అందుచేత గుండు దూరం వరకు చదునుగా పోతుంది. భుజానికి దెబ్బ తక్కువ గనుక చేయి బెదరదు. చుక్కల దుప్పికి ముంజబ్బ వెనుక, గుండె, ఊపిరితిత్తులుండే చోట తగిలితే ఆ చిన్న గుండే చాలు, మృగం ఎక్కువ బాధ పడదు. అదే పొట్టలో తగిలితే ఎంత పెద్ద గుండైనా దుప్పిని పొదలలో గంటల తరబడి హింసించి చంపుతుంది. దగ్గరి నుండి మీదికి దూకే పులుల కోసం కార్బెట్ .450/400 జంట గొట్టాల రైఫిలును వేరుగా ఉంచుకొన్నారు. పనిని బట్టి తూటా, తూటాను బట్టి దూరం, ఈ రెంటిని మించి నిగ్రహం – ఇదీ ఆయన పద్ధతి.

1926లో రుద్రప్రయాగ చిరుతను, 1930లో చౌగఢ్ పులిని ఆయన కూల్చారు. చౌగఢ్ పులి ఎదురైన క్షణాన ఎడమచేతిలో సేకరించిన పక్షిగుడ్లు ఉండగా, ఒక్క చేతితోనే రైఫిలు తిప్పి పేల్చారు. 1938లో ఠాక్ పులితో నరభక్షకుల వేట ముగించారు. అప్పటికే ఆయనకు రైఫిలు కంటె కెమెరాపై మక్కువ పెరిగింది. ఆయన తోడ్పాటుతో 1936లో మన దేశపు తొలి జాతీయ వనం ఏర్పడింది. 1944లో వెలువడిన కుమావూ నరభక్షకుల గ్రంథం ఆయన పేరును లోకమంతటా చాటింది. 1947లో ఆయన కెన్యాకు తరలిపోయి, 1955 ఏప్రిల్ 19న అక్కడే కన్నుమూశారు. తరువాత ఆ వనానికి ఆయన పేరే పెట్టారు. 1973లో పులుల సంరక్షణ పథకం అక్కడి నుండే ఆరంభమైంది.

1972 నాటి వన్యప్రాణి చట్టం తరువాత మన దేశంలో దుప్పికి ఏ తూటా తగునన్న ప్రశ్నకు చోటు లేదు. అది మేలే. కాని విద్యార్థులకు కార్బెట్ జీవితం చెప్పే మాట మిగిలే ఉన్నది. చేతికి బలం వచ్చినంత మాత్రాన దానిని వాడనక్కరలేదు. వాడవలసి వస్తే దాని ఫలితానికి పూచీ మనదే. మన నోటి నుండి వెలువడే మాట కూడా తూటా వంటిదే. అది ఎవరికి, ఎక్కడ తగులుతుందో తలచి పలికేవాడే నిజమైన విద్యావంతుడని మా విశ్వాసం.