ఉమర్ ఆలీషా కవి

మొహర్రం మాసంలో నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద, బారా షహీద్ దర్గా సన్నిధిలో, ఒకరి చేతి రొట్టెను మరొకరు అందుకొనే దృశ్యం మన విద్యార్థులకు కొత్త కాదు. రొట్టె ఇచ్చేవారి మతమేదో పుచ్చుకొనేవారు అడుగరు. అయితే ఇండ్లకు చేరిన తరువాత ఆ సౌహార్దం ఎంతకాలం నిలుస్తుంది? ఒకరి భాష, ఒకరి గ్రంథం మరొకరికి తెలియనంతకాలం శాంతి పండుగనాటి చుట్టమే. ఆ కొరతను తీర్చుటకు జీవితాన్ని ధారపోసిన మౌల్వీ ఉమర్ ఆలీషా గారిని ఈ సంచికలో స్మరించదలచాము.

వారు 1885 ఫిబ్రవరి 28న పిఠాపురంలో జన్మించారు. వంశపారంపర్యంగా వచ్చిన సూఫీ గురుపీఠానికి, అనగా శ్రీ విశ్వ విజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠానికి, ఆరవ అధిపతి. ఉర్దూ, పారశీకాలతో పాటు సంస్కృతాంధ్రాలను శ్రద్ధగా అభ్యసించారు. మహమ్మద్ రసూల్ వారి చరిత్రను తెలుగులో రచించిన ఆ కలమే అనసూయాదేవి నాటకాన్నీ రచించింది. ఇందులో ఎవరినో మెప్పించే ప్రయత్నం మాకు కనబడదు. రెండూ తమ ఇంటి ఆస్తులే అన్నట్లు వ్రాశారు. వారిని ఆశ్రయించిన శిష్యులలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు.

ఇస్లాం ధర్మంలో హుఖూఖుల్ ఇబాద్ అనే భావన ఉంది. దైవానికి మనం చెల్లించవలసినవి కొన్ని, తోటి మానవులకు చెల్లించవలసినవి కొన్ని. మొదటి వాటిలోని లోపాన్ని దైవం క్షమించవచ్చును. రెండవ వాటిలో, అన్యాయం పొందినవాడు క్షమించవలసిందేనని పెద్దలు బోధిస్తారు. తోటివాని హక్కును ఇంత బరువుగా ఎంచిన మార్గంలో పెరిగినవారు కనుకనే ఆలీషా గారు స్త్రీవిద్యను సమర్థించారు, కులభేదాలను నిరసించారు. ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించినది 1948 డిసెంబరు 10న. అప్పటికి వారు గతించి దాదాపు నాలుగేండ్లు.

వారి జీవితంలో మమ్ము ఆలోచింపజేసే వైరుధ్యమొకటి ఉన్నది. 1935 నుండి చివరివరకు వారు ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో సభ్యులు. ఎన్నికైనది ఉత్తర మద్రాసు ముస్లిం నియోజకవర్గం నుండి. నెల్లూరు మొదలైన తెలుగు జిల్లాల ముస్లిం ఓటర్లు, అందునా ఆనాటి చట్టం ఓటిచ్చిన కొద్దిమందే, వారిని ఎన్నుకొన్నారు. మానవులందరూ ఒక్కటేనని బోధించిన గురువు మతాన్ని బట్టి విభజించిన ఓట్లతో సభకు వెళ్ళవలసి వచ్చినది! అది వారి దోషం కాదు, కాలం చేసిన ఏర్పాటు. ఆ పదవి చేయలేని పనిని వారి పద్యం చేసినదని మా అభిప్రాయం.

ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఆనాడు అనేకులు ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదం ద్వారానే ఎరుగుదురు. ఆలీషా గారు మూల పారశీకం నుండి వాటిని తెలుగు పద్యాలుగా వెలయించారు. ఇక్కడ మన జిల్లావారికి మరింత ప్రీతికరమైన విషయమున్నది. 1895లో జన్మించి, సేద్యం చేస్తూ కవిత చెప్పిన దువ్వూరి రామిరెడ్డి గారు స్వయంగా పారశీకం నేర్చి, అదే ఖయ్యాంను పానశాలగా తెలుగువారికి అందించారు. గోదావరి సీమలో సూఫీ గురువు తెలుగు ఛందస్సును స్వాధీనం చేసుకొన్నాడు. పెన్నా తీరంలో రైతుబిడ్డ పారశీకాన్ని స్వాధీనం చేసుకొన్నాడు. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఏ ఒడంబడికా వ్రాసుకొనలేదు. పానశాలను ఎరిగిన మన విద్యార్థులలో ఆలీషా గారి అనువాదాన్ని చూచినవారు అరుదు. ఉర్దూ, తెలుగు రెండూ బోధించే కళాశాలకు ఇది కొంచెం సిగ్గుపడవలసిన సంగతే.

ఉమర్ ఆలీషా గారు 1945 జనవరి 23న నరసాపురంలో పరమపదించారు. దేశవిభజననూ, దాని వెంట ప్రవహించిన నెత్తురునూ వారు చూడలేదు.