వెంగమాంబ చదువు, కులం కట్టుబాటు

తిరుమలలో నిత్యాన్నప్రసాద భవనానికి తరిగొండ వెంగమాంబ పేరుంది. ఏకాంతసేవ వేళ ఆమె ముత్యాల హారతి నేటికీ సాగుతోంది. ఇంతటి గౌరవం పొందిన కవయిత్రికి చదువే పెళ్లికి అడ్డంకిగా మారిన సంగతి మాత్రం మరుగున పడింది.

పూర్వపు చిత్తూరు జిల్లా గుర్రంకొండ సమీపంలోని తరిగొండలో, 1730 ప్రాంతంలో, కానాల కృష్ణయామాత్యుడు, మంగమాంబ దంపతులకు ఆమె జన్మించింది. వారిది నందవరీక బ్రాహ్మణ కుటుంబం. కూతురి ప్రతిభ గుర్తించిన తండ్రి సుబ్రహ్మణ్య దేశికుని వద్ద విద్యకు పంపాడు. ఊరు ఆ ప్రతిభకు పిచ్చి అని పేరు పెట్టింది. సంబంధాలు రావన్న భయంతో తండ్రి చదువు మాన్పించి బాల్యంలోనే పెళ్లి చేశాడని సంప్రదాయ చరిత్రలు చెబుతాయి. కొద్దికాలానికే భర్త మరణించాడు.

అప్పుడు కులం శిరోముండనం కోరింది. వేంకటేశ్వరుడే తన భర్త అని ప్రకటించి ఆమె తిరస్కరించింది. ఊరి వేధింపులకు లొంగక తిరుమల చేరింది. కొంతకాలం తుంబురుకోనలో తపస్సు చేసింది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద వాసిష్ఠ రామాయణం, యక్షగానాలు రచించి 1817లో కన్నుమూసింది.

అదే శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాధికా సాంత్వనం రచించింది. ఆమె గణిక కనుక పాండిత్యం ఆమెకు వృత్తి అయింది. కులస్త్రీకి విద్య లేని వివాహం, కళావంతురాలికి వివాహం లేని విద్య: ఈ పంపకం చేసింది కులమే. బాల్యవివాహం, నిర్బంధ వైధవ్యం కులాంతర్వివాహాన్ని అడ్డుకొనే సాధనాలని అంబేడ్కర్ 1916లోనే నిరూపించాడు. వెంగమాంబ జీవితంలో ఆ రెండూ ఉన్నాయి.

తిరుపతిలో 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు కూతురి చదువు మాన్పించే తండ్రులు తగ్గారు. కానీ పట్టా, జీతం పెరిగిన కొద్దీ సంబంధం కుదరదన్న బెంగ పోలేదు. కారణం అమ్మాయి ఎదుగుదల కాదు. వరుడు సొంత కులంవాడే కావాలి, పైగా ఆమెకంటే ఒక మెట్టు పైనుండాలి అనే రెండు షరతులు కలిసి ఎంపికను ఇరుకు చేస్తున్నాయి. ఆ షరతులను వదిలి ఆమెనే తగ్గమనడం అన్యాయం. వెంగమాంబకు హారతి పట్టే సమాజం, ఆమె కాదన్న కట్టుబాటును ఇంకా ఎందుకు మోస్తోంది?