హిమగిరుల విజేత క్రిస్టల్ క్రాంజ్

కాళ్లకు పొడవైన పలకలు బిగించుకొని మంచుకొండల మీది నుండి మహావేగంతో జారే స్కీ పందేలు ఎండలకు అలవాటుపడిన మనకు వింతగానే తోస్తాయి. అందు మహిళలలో అగ్రగణ్యురాలైన జర్మన్ క్రీడాకారిణి క్రిస్టల్ క్రాంజ్ జీవితాన్ని పాఠకులకు పరిచయం చేయదలచినాము.

ఆమె 1914 జూలై 1వ తేదీన బెల్జియంలోని బ్రస్సెల్స్ నగరంలో జన్మించింది. నెల గడిచిందో లేదో మొదటి ప్రపంచ యుద్ధం చెలరేగి, ఆ కుటుంబం ఊరు విడవవలసి వచ్చింది. 1934 నుండి 1939 వరకు ఆరేళ్లలో ఆమె గెలిచిన ప్రపంచ స్వర్ణపతకాలు 12. ఏకబిగిన కిందికి దూకే డౌన్‌హిల్, పాతిన కర్రల నడుమ మెలికలు తిరుగుతూ సాగే స్లాలమ్, ఆ రెంటి ఫలితాలను కలిపి లెక్కించే కంబైన్డ్, ఈ మూడింటిని 1937లోను, మరల 1939లోను ఆమె ఒక్కతే గెలుచుకున్నది.

అయినను మా దృష్టిలో ఆమె దిట్టతనం వెల్లడైనది గార్మిష్ పట్టణంలో. 1936లో ఒలింపిక్ క్రీడలలో ఆల్పైన్ పందేలకు తొలిసారి చోటు దక్కింది. పతకం మాత్రం కంబైన్డ్‌కే. ఫిబ్రవరి 7న డౌన్‌హిల్ నడుమ ఆమె జారిపడింది. తిరిగి లేచి గమ్యం చేరేసరికి ఆరవ స్థానం. మొదటి స్థానంలో నిలిచిన పదహారేళ్ల నార్వే బాలిక లైలా షౌ నీల్సెన్ కంటె 19 సెకన్లు వెనుక! సెకనులో పదవ వంతు కూడ లెక్కకు వచ్చే క్రీడలో ఇది కొండంత లోటు. మరునాడు స్లాలమ్ రెండు పరుగులలోను ఆమెదే మొదటి స్థానం, అదీ పది సెకన్లకు మించిన ఆధిక్యంతో. స్వర్ణం ఆమెదే అయింది.

ఆ క్రీడోత్సవాన్ని హిట్లర్ ప్రభుత్వం తన ప్రతిష్ఠకు వాడుకున్నదన్న సంగతిని దాటవేయడం మాకు ఉచితంగా తోచలేదు. ఆ ప్రభుత్వం తెచ్చిన యుద్ధమే 1941 జూన్‌లో, తూర్పు రంగాన, ఆమెవలెనే స్కీ వీరుడైన తమ్ముడు రూడీని బలిగొన్నది. ఆ ఏడే ఆమె పోటీలు విరమించింది. యుద్ధానంతరం నాజీ పాలనతో సహకరించినదన్న ఆరోపణపై నిర్బంధానికి గురియై, పొలాలలో కూలిపని చేయవలసి వచ్చింది.

తరువాత భర్త, మాజీ యుద్ధవిమాన చోదకుడు అడాల్ఫ్ బోర్షర్స్‌తో కలిసి ఆల్గాయ్ ప్రాంతంలోని ష్టైబిస్ గ్రామంలో స్కీ పాఠశాల స్థాపించి, 1987 వరకు పిల్లలకు, పెద్దలకు శిక్షణ గరపింది. 2004 సెప్టెంబరు 28న, తొంబదియవ ఏట, కన్నుమూసింది. 2025లో అమెరికాకు చెందిన మికేలా షిఫ్రిన్ మొత్తం 15 పతకాలతో ఆమెకు సమానంగా నిలిచింది; 12 స్వర్ణాల లెక్కను మాత్రం ఆ ఏడు కూడ ఎవరూ అందుకోలేదు.