చెరసాలలో వెలసిన గీతములు

భక్తులకు దుర్జనులవలన కష్టములు కలుగుట ఎల్లదేశముల చరిత్రలందును కలదు. కాని సిలువ యోహానును చెరలో నుంచినవారు అన్యమతస్థులు కారు, క్రూరులైన ప్రభువులును కారు; ఆయనతోబాటు ఒకే సభలో దీక్ష గైకొనిన సన్యాసులు. కథోలిక క్రైస్తవసమాజము 1726లో పునీతునిగా ప్రకటించిన ఈ మహనీయుని జీవితమున మిక్కిలి ఆలోచింపదగిన విషయ మిదియే.

ఆయన 1542లో స్పెయిన్ దేశమునందు ఫొంతివేరొస్ అను చిన్న యూర జన్మించెను. తండ్రి పట్టువర్తకుల యింటివాడు. పేద నేతకత్తెను వివాహమాడినందున బంధువు లాతనిని వెలివేసిరి. ఆతడును మగ్గముమీదనే బ్రతుకవలసి వచ్చెను. యోహాను పసివాడై యుండగనే తండ్రి మరణించెను. ఒక సోదరుడును పోయెను. తల్లి మిగిలిన బిడ్డలతో ఊరూర తిరిగి, తుదకు మెదీనా దెల్ కాంపో నగరమున నిలిచెను. అచట యోహాను సుఖవ్యాధి పీడితులకై యేర్పడిన ధర్మవైద్యశాలలో పరిచర్య చేయుచు, దానికొరకు వీథులలో యాచించుచు, చదువుకొనెను. వ్రణములను కడిగిన చేతులే తరువాత బాధనుగూర్చి వ్రాసినవి. అందుచేతనే కాబోలు ఆ వ్రాతలలో వట్టి పాండిత్యము కానరాదు.

1563లో కార్మెల్ సభలో చేరి, సలమాంకాలో విద్య నభ్యసించి, 1567లో గురుపట్టము నొందెను. ఆ యేడే ఆవిలా తెరేసమ్మ ఆయనను చూచెను. సడలిపోయిన ప్రాచీననియమమును ఆమె సన్యాసినులలో పునరుద్ధరించుచుండెను. యోహాను మరింత ఏకాంతమైన వేరొక సభకు పోదలచియుండగా ఆమె వారించి, పురుషులలో ఆ పని నాయనకు అప్పగించెను. 1568లో దురువేలో అను పల్లెలో ఒక పేదయింట తొలిమఠము వెలసెను.

ఈ సంస్కరణమును పాతవారు ధిక్కారముగా నెంచిరి. వారిని నిందించుట సులభము. తమ సభను చీలికనుండి కాపాడుచున్నామనియే వారు నమ్మిరి. 1577 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఆయనను ఆవిలాలో పట్టుకొని తొలేదో మఠమునకు గొనిపోయిరి. సంస్కరణమును విడువుమనిరి; ఆయన విడువలేదు. ఆరడుగుల వెడల్పు, పదియడుగుల పొడవుగల గదిలో నుంచిరి. గోడపైన సన్నని సందొకటి. బల్లపై నిలిచి ఆ వెలుతురున ప్రార్థనగ్రంథము చదువుకొనవలెను. ఆహారము రొట్టెయు నీరును, ఒక్కొక్కప్పుడు చిన్నచేపలు. భోజనశాలలో అందరియెదుట మోకరింపజేసి కొరడాలతో కొట్టిరి. నెలలతరబడి మారుబట్ట లేదు. పూజ చేయు అనుమతియు లేదు.

అట్టి చోటనే ఆయన గీతములు పుట్టినవి. తరువాత కావలికి వచ్చిన మఱియొక సన్యాసి జాలిగొని కాగితమును సిరాను ఇచ్చెను. ఆ గీతములలో ఫిర్యాదు లేదు, శత్రువుల పేరు లేదు. మరుగుపడిన ప్రియతముని వెదకు ఆత్మయొక్క తపన మాత్రమే కలదు.

బాధయే పుణ్యమని ఆయన బోధింపలేదు. తల్లి బిడ్డకు పాలు మాన్పుటకు రొమ్మున ముసాంబరము పూయునని ఆయన వ్రాసెను. చేదు తల్లి చేతిదే, ప్రేమయు ఆమెదే. నిప్పులో వేసిన కట్టెను ఉపమానముగా చెప్పెను. అగ్ని ముందుగా దాని తేమను వెడలగొట్టును. కట్టె నల్లబడును, దుర్గంధము వెడలును. పిమ్మట అదియే అగ్ని యగును. కట్టెను నల్లబరచిన యగ్ని వేరు, వెలిగించిన యగ్ని వేరు కాదు. ఆత్మను క్రమ్ము చీకటియు దేవుడు విడిచినందున కలుగునది కాదు, ఆయన మిక్కిలి చేరువైనప్పుడు బలహీనమైన కన్ను వెలుగును ఓర్వలేకపోవుటయే. గ్రంథములు చదివి యీ మాట చెప్పవచ్చును. కాని తొలేదోలో తొమ్మిదినెలలు గడపినవాడు చెప్పినప్పుడు దాని బరువు వేరు.

1578 ఆగస్టులో తాళపు మరలను వదులుచేసి, దుప్పటిపేలికలను ముడివైచి, కిటికీనుండి దిగి తప్పించుకొనెను. తదుపరి ఆందలూసియాలోను, సెగోవియాలోను మఠాధిపతిగా నుండి గ్రంథములు రచించెను. తన్ను బంధించినవారిని నిందించుట ఎన్నడును ఆయన నోట వినబడలేదు.

1591లో తాను కట్టిన సంస్కృతసభయే ఆయనను పదవులనుండి తొలగించెను. కాలు వాచి జ్వరము పట్టగా చికిత్సకై బయేసాకు గాని ఊబెదాకు గాని పొమ్మనిరి. బయేసాలో తన్నెరిగినవారు పలువురుండుటచే, ఎవరును ఎరుగని ఊబెదానే కోరుకొనెను. అచటి మఠాధిపతి ఆయనయందు ద్వేషముగలవాడై, ఔషధవ్యయమునకును విసుగుకొనెను. వైద్యుడు కాలిమాంసమును కోసినప్పుడు యోహాను ఓర్చుకొనెను. చివరిదినములలో ఆ మఠాధిపతిని పిలిపించి, తనవలన కలిగిన ఖర్చునకును శ్రమకును క్షమాపణ వేడెను. ఆతడు కన్నీటితో గది వెడలెను.

డిసెంబరు 13 రాత్రి సన్యాసులు మరణకాలప్రార్థనలు చదువబోగా, వానిని మాన్పించి పరమగీతమును చదువుమని కోరెను. అర్ధరాత్రప్రార్థనకు గంట మ్రోగుచుండగా ప్రాణము విడిచెను. అప్పటి కాయన వయస్సు 49 సంవత్సరములు.